శానిటైజరు వాడకము – చేతుల సంరక్షణ

కోవూరు రైతుల చేతులకు పెన్నా నీరు, బురద, ఎరువు పాత చుట్టములే. శానిటైజరు కొత్తగా వచ్చినది. రాష్ట్రములో తొలి కరోనా కేసు 2020 మార్చి 12వ తేదీన నెల్లూరులోనే బయటపడినది. రబీ కోతల కాలమది. అది మొదలు ఈ సీసా ఇంటింటికి చేరినది. నేడు వాడుక తగ్గినను, ఆసుపత్రులలోను, రొయ్యల కంపెనీలలోను పనిచేయువారికి తప్పనిది.

చేతులు మంటెత్తి పగిలినచో "మందు పడలేద"ని సీసా పారవేయకుడు. మన చర్మముపై పలుచని జిడ్డు పొర యుండును. లోపలి తేమను కాపాడునది అదియే. శానిటైజరులోని ఆల్కహాలు ఆ జిడ్డును కరగించును. పదేపదే సబ్బు వాడినను అంతే, ఒక్కొక్కపుడు అంతకంటె ఎక్కువ. సబ్బుతో కడిగి, తడియారకముందే శానిటైజరు రాచుట మరింత చెరుపు. రెండింటిలో ఒకటి చాలును. బురద, పురుగుమందు అంటిన చేతులకు సబ్బు, నీరే గతి; శానిటైజరు వానిని వదలింపజాలదు. కనుక గ్రామోద్యోగులు కొనుగోలు కేంద్రములలో సీసా ఉంచినచో ప్రక్కనే సబ్బు, నీటి తొట్టి కూడ ఉంచవలెను.

కొనునపుడు చీటీ చదివి, గ్లిసరిను గలదానినే తీసికొనుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రములో నూటికి 80 పాళ్లు ఇథనాలుతో పాటు 1.45 పాళ్లు గ్లిసరిను చేర్చినది చర్మము కొరకే.

పగుళ్లను చిన్నచూపు చూడరాదు. ఎలుకల మూత్రము కలిసిన మడినీటి నుండి లెప్టోస్పైరోసిస్ అను జ్వరము పగిలిన చర్మము గుండా లోనికి ప్రవేశించును. ముదిరినచో కాలేయము, మూత్రపిండములు చెడును. పురుగుమందు కూడ ఆ దారినే సులభముగా పోవును. చేతులు మానువరకు నాట్లకు పోవలదని చెప్పుట తేలిక. కూలి మానుకొనుట తేలిక కాదు. కావున కూలీలకు రబ్బరు తొడుగులు ఇప్పించు భారము రైతు వహింపవలెను.

చేతులు కడిగిన పిమ్మట గుడ్డతో అద్దుడు, రుద్దకుడు. వేడినీరు వలదు. ఉంగరము తీసి కడుగుడు. దాని క్రింద సబ్బు నిలిచి చర్మము ఒరియును. రాత్రి కొబ్బరినూనెగాని వాసెలైనుగాని వ్రేళ్ల సందులకు కూడ పట్టించి పడుకొనుడు. తొడుగులు వేసికొనుటకు ముందు మాత్రము వాసెలైను రాయకుడు, రబ్బరు చెడును. పగుళ్లకు సున్నము, నిమ్మరసము పూయుట మంటను పెంచుటయే. శానిటైజరు పూర్తిగా ఆరకముందు పొయ్యిగాని బీడీగాని వెలిగింపరాదు.

చీము పట్టినను, పొక్కులు లేచినను, రెండు వారములకు తగ్గకున్నను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. పోవునపుడు వాడిన సీసాను, సబ్బు కాగితమును వెంట తీసికొనిపోయి డాక్టరుకు చూపుడు.