సాధనకు చోటున్న కళాశాల

పదేండ్లుగా వీణ నభ్యసించుచు, గణితమన్నను చరిత్రయన్నను సమానమైన ఆసక్తి చూపు బాలిక ఇంటర్మీడియట్ ముగించు వేళకు ఆ యింటి పెద్దలు సాధారణముగా వేయు ప్రశ్న, "వీణ, చదువు, ఈ రెంటిలో దేనిని విడుతువు?" అనునదియే. ఆ ప్రశ్న వాత్సల్యముతో వేసినదే కావచ్చును, రేపటి బ్రతుకుతెరువును గూర్చిన న్యాయమైన భయమే దానికి మూలము కావచ్చును. ఐనను వ్యక్తిత్వమింకను రూపు దిద్దుకొనుచున్న ప్రాయమున అందొక భాగమును ఖండించి వేయుమని కోరుట ఆ బాలికకు తీరని అపకారమని నేను దృఢముగా నమ్ముదును.

తెలుగునాటి సంగీత చరిత్ర ఈ విషయమున మనకు ధైర్యమునే యిచ్చుచున్నది. 1919లో విజయనగరమున వెలసిన సంగీత కళాశాలకు ప్రథమాధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథకులుగా ఎంతటివారో, ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతమునకును అచ్చతెనుగునకును తెచ్చిన పండితులుగా కూడ అంతటివారే. విశాఖపట్టణమున వైద్యవిద్య నభ్యసించి, కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యత్వము నెరపిన శ్రీపాద పినాకపాణిగారు (1913–2013), ఆ వృత్తిని విడువకయే నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ, వోలేటి వేంకటేశ్వర్లు వంటి విద్వాంసులకు గురుస్థానమున నిలిచి, 'సంగీత సౌరభము' సంపుటములలో కృతులను స్వరసహితముగా లిపిబద్ధము చేసిరి. వైద్యము వారి గానమునకు అడ్డురాలేదని మాత్రము చెప్పి ఊరకుండుట చాలదు. ఒక్కొక్క సంగతిని విడదీసి, ఏ స్వరము ఏ స్వరమును తాకుచు జారుచున్నదో పరిశీలించి, విన్నది విన్నట్లు కాగితముపై నిలిపిన ఆ పద్ధతిలో శాస్త్రజ్ఞుని దృష్టియే నాకు గోచరించుచున్నది. మృదంగము నభ్యసించుచు భౌతికశాస్త్రమును ప్రేమించు బాలునకైతే, మన చర్మవాద్యముల నాదమును గూర్చి సి.వి. రామన్ 1920లో 'నేచర్' పత్రికయందు ప్రకటించిన వ్యాసమే ఒక విశాలమైన ద్వారము తెరచును.

కావున ఏది విడువవలెనను విచారమును మాని, రెండును ఏ యూర సాగునని విచారింపవలయును. ఊరు అని యేల అంటిననగా, మన సంగీతమున విద్య ప్రధానముగా గురువునుండి శిష్యునకు సంక్రమించునదే గాని భవనమునుండి కాదు. దేశమందెంత ప్రసిద్ధి గల కళాశాలయైనను, అది గురుసన్నిధికి వందల మైళ్ల దూరమున ఉన్నచో ఈ విద్యార్థికి అది మంచి కళాశాల కాజాలదు. మొదట గురువును, పిమ్మట ఊరును, ఆపైననే కళాశాలను నిర్ణయించుట నా దృష్టిలో సరియైన క్రమము. ఒకే కాలమున రెండు పట్టములకు చదువుకొను అవకాశమును యూజీసీ 2022లో కల్పించినది. అయితే తరగతి గదిలో చదువునవి రెండును అయినచో వాటి వేళలు పరస్పరము తాకరాదు. సంగీత కళాశాలలో సాయంకాలపు తరగతులున్న ఊర, పగలు డిగ్రీ చదువుచు సాయంకాలము సంగీతమునకు పోవుట సాధ్యమే.

అమెరికాలో పెరుగుచున్న మన పిల్లలకు మార్గము వేరు. ఓహియో రాష్ట్రమందలి ఓబర్లిన్ వంటి చోట్ల సంగీత పట్టమును, శాస్త్ర సాహిత్యములలో మరియొక పట్టమును అయిదేండ్లలో పొందు ఏర్పాటు కలదు. కాని రెండు విభాగములును వేర్వేరుగా ప్రవేశమీయవలెను. కనెక్టికట్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయమున కర్ణాటక సంగీత బోధన 1960ల నుండియే ఉన్నది.

ఇక కళాశాలను పరీక్షించు తీరు. వివరణ పుస్తకములోని ఛాయాచిత్రములను నమ్మక, ఒక వారపు కాలపట్టికను చేతికి తీసికొని, అందు దినమునకు రెండు గంటల సాధనకు వ్యవధి మిగులునా యని వ్రేలు పెట్టి లెక్కింపవలెను. శనివారములు పరీక్షలతో నిండియున్నవేమో చూడవలెను. ఆ మాట అధ్యాపకులనుగాక, అచ్చటనే చదువుచు వయొలిన్ వాయించు పైతరగతి విద్యార్థి ఒకడున్నచో వానిని అడుగుట మేలు. కొన్ని మాసములు వాద్యమును ముట్టనిచో వైణికుల వ్రేళ్లకొనలయందు గట్టిపడిన చర్మము మెత్తబడును, మరల తంత్రిని నొక్కినపుడు నొప్పి పుట్టును. ఆ నొప్పికి వెరచి వీణను శాశ్వతముగా గుడ్డలో చుట్టిపెట్టిన పిల్లలు మన బంధువర్గములలోనే ఎందరో కలరు. వసతిగృహపు గదిలో నాలుగడుగుల నిడివి గల ఆ వాద్యమును పడవేయక నిలుపుటకు తావుండవలెను. మెట్లను పట్టియుంచు మైనము కరగకుండ ఎండ సోకని మూల యుండవలెను. ఇట్టివి స్వల్పవిషయములుగా తోచును గాని, సాధన నిలుచుటయో ఆగిపోవుటయో వీటియందే తేలుచుండును.

తల్లిదండ్రులారా, రుసుము చెల్లించుటకు ముందు ఒకసారి ఆ వసతిగృహమునకు పోయి, తెల్లవారుజామున అయిదు గంటలకు మీ పిల్ల గొంతెత్తి పాడుకొనుటకు అనుమతి కలదా యని వార్డెనును సూటిగా అడుగుడు. కాదని ప్రత్యుత్తరము వచ్చినచో, ఆ కళాశాల ర్యాంకు ఎంత గొప్పదైనను, మరియొక దానిని వెదకుడు.