జొన్న, లూసిన్, పెల్లాగ్రా: తార్నాక పరిశోధన వంగడాల ఎంపికకు చెప్పే పాఠం

సారాంశం

జొన్న ప్రధానాహారంగా గల దక్కను ప్రాంతంలో ఒకప్పుడు తరచుగా కనిపించిన పెల్లాగ్రా వ్యాధికి మూలకారణాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1960 నుంచి సుమారు రెండు దశాబ్దాలపాటు అన్వేషించారు. గింజలోని పోషకాల పరిమాణంతోపాటు వాటి మధ్య గల నిష్పత్తి కూడా తినేవారి ఆరోగ్యాన్ని ప్రభావితం చేస్తుందని ఆ కృషి సూచించింది. ఆ పరిశోధన సాగిన క్రమాన్ని, దానిపై వచ్చిన సందేహాలను, జొన్న వంగడాల ఎంపికకు అది అందించిన ప్రమాణాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: జొన్న, పెల్లాగ్రా, లూసిన్, నయాసిన్, వంగడాల ఎంపిక

పరిచయం

2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత జొన్నకు ఆదరణ మరింత పెరిగింది. తక్కువ నీటితో పండటం, బెట్టను తట్టుకోవటం, పశువులకు చొప్పనివ్వటం ఈ పంటకు గల సహజ బలాలు. అయితే జొన్న రొట్టె, గటక తప్ప వేరే ఆహారం అంతగా దొరకని కుటుంబాల ఆరోగ్యం ఎలా ఉండేదన్న ప్రశ్నను పంటల అభివృద్ధి శాస్త్రం విస్మరించరాదు. ఆ ప్రశ్నకు సమాధానం వెదికిన పరిశోధన మన నగరంలోనే జరిగింది.

1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి అధ్యయనానికి నెలకొల్పిన చిన్న విభాగమే నేటి జాతీయ పోషకాహార సంస్థకు మూలం. అది 1958లో హైదరాబాదుకు తరలి, కాచిగూడ–సికింద్రాబాదు రైలుమార్గంలోని జామై ఉస్మానియా స్టేషన్‌కు సమీపాన, తార్నాకలో స్థిరపడింది. 1969లో దానికి ప్రస్తుత నామం వచ్చింది.

వ్యాధి, దానిలోని చిక్కు

పెల్లాగ్రాలో ఎండ సోకే శరీరభాగాలపై చర్మం నల్లబడి, గరుకై, పొలుసులు లేస్తుంది. మెడ చుట్టూ హారంవలె మచ్చ ఏర్పడుతుంది. విరేచనాలు, మతిభ్రమణం తోడవుతాయి. చికిత్స అందనిచో మరణం సంభవిస్తుంది. హైదరాబాదులో ఆ కాలపు లెక్కల ప్రకారం కొన్ని ఋతువులలో మానసిక వైద్యశాలలో చేరినవారిలో 8 నుంచి 10 శాతం మంది పెల్లాగ్రా రోగులే. ఆహారలోపం వల్ల మతి చలించినవారు వీరు.

1937లో ఎల్వెజెమ్ బృందం నికోటినిక్ ఆమ్లం కుక్కలలోని నల్లనాలుక వ్యాధిని నయం చేస్తుందని నిరూపించింది. మానవులలో పెల్లాగ్రాకు సమానమైన వ్యాధి అది. నికోటినిక్ ఆమ్లాన్నే నయాసిన్ అంటాము. దేహం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కూడా నయాసిన్‌ను తయారుచేసుకుంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి 1 మిల్లీగ్రాము నయాసిన్ లభిస్తుంది. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ స్వల్పం. అందులోని నయాసిన్ అధికభాగం దేహానికి అందని బంధిత రూపంలో ఉంటుంది. కనుక మొక్కజొన్న తినేవారిలో పెల్లాగ్రా రావటం అర్థమైంది. మెక్సికో ప్రజలు మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి వాడటం వల్ల ఆ బంధం విడిపోయి, వారిలో ఈ వ్యాధి అరుదైంది.

జొన్న విషయంలో ఈ వివరణ చాలలేదు. జొన్నలో ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలో ఉన్నంత తక్కువ కాదు. అయినప్పటికీ జొన్న తినేవారికి పెల్లాగ్రా వచ్చింది.

లూసిన్ పరికల్పన

ఈ చిక్కును విప్పే ప్రయత్నంలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో ఒక పరికల్పనను ప్రతిపాదించారు. మొక్కజొన్న, జొన్న రెండింటి మాంసకృత్తులలోనూ లూసిన్ అనే అమైనో ఆమ్లం అధికం. ఈ ఆధిక్యమే ట్రిప్టోఫాన్ నుంచి నయాసిన్ ఏర్పడే మార్గానికి అంతరాయం కలిగిస్తున్నదని వారి వాదన. తదుపరి ప్రయోగాలలో లూసిన్ ఇచ్చినవారి మూత్రంలో క్వినోలినిక్ ఆమ్లం అధికంగా విసర్జితమైంది. ఆ మార్గంలో చివరి మెట్లకు చెందిన పదార్థమది. అది బయటికి పోవటం తరువాతి మెట్టు సక్రమంగా సాగటం లేదనటానికి సూచన. లూసిన్ ప్రభావానికి ఐసోలూసిన్ విరుగుడుగా పనిచేయవచ్చునని కూడా భావించారు. ఐసోలూసిన్ ఇచ్చిన రోగులలో చర్మలక్షణాలు, మెదడు విద్యుత్ తరంగాలు మెరుగుపడినట్లు 1971లో కమలా కృష్ణస్వామి, గోపాలన్ నివేదించారు.

సందేహాలు, సవరణలు

ఈ పరికల్పనను అందరూ అంగీకరించలేదు. ఇతర దేశాలలో జంతువులపై జరిపిన కొన్ని ప్రయోగాలలో అధిక లూసిన్ వల్ల నయాసిన్ లోపం కనిపించలేదు. తార్నాక శాస్త్రవేత్తలు కూడా తమ తొలి వివరణ వద్దనే ఆగలేదు. విటమిన్ బి6 సమృద్ధిగా అందినపుడు లూసిన్ దుష్ప్రభావం కనిపించలేదని వారి తదుపరి అధ్యయనాలు తెలిపాయి. కనుక లూసిన్ ఆధిక్యాన్ని ఏకైక కారణంగా గాక, నయాసిన్, ట్రిప్టోఫాన్, బి6 అరకొరగా అందే పేద ఆహారంలో హాని కలిగించే అంశంగా గ్రహించటం సమంజసం. పప్పు, పాలు, వేరుశనగ తోడైన జొన్న భోజనానికి ఈ భయం వర్తించదు.

వంగడాల ఎంపికకు ప్రమాణం

వ్యవసాయ శాస్త్రానికి అత్యంత ఉపయుక్తమైన ఫలితం 1979లో వెలువడింది. జొన్న రకాలన్నింటిలోనూ లూసిన్ ఒకే మోతాదులో ఉండదు. బెలవాడి, ఉదయశేఖరరావు జరిపిన అధ్యయనంలో, మాంసకృత్తులలో లూసిన్ 11 శాతానికి లోబడిన జొన్నను తిన్న కుక్కలకు నికోటినిక్ ఆమ్ల లోపం రాలేదు. అనగా, దోషం జొన్న జాతికంతటికీ చెందినది కాదు. ఎంపిక ద్వారా తగ్గించదగినది.

దీనికి గింజ నిర్మాణంలోనే ఆధారమున్నది. జొన్న గింజలో నిల్వ ఉండే ప్రధాన మాంసకృత్తి కాఫిరిన్. ఇందులో లూసిన్ అధికం, లైసిన్ అత్యల్పం. నత్రజని ఎరువు వేసినపుడు గింజలో మాంసకృత్తుల శాతం పెరుగుతుంది. కాని ఆ పెరుగుదలలో అధికభాగం కాఫిరిన్‌దే. కావున మాంసకృత్తుల శాతం పెరిగిందన్న ఒక్క కారణంతో గింజ పోషకవిలువ అదే మేరకు పెరిగిందని భావించరాదు. మరోవైపు, 1973లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఇథియోపియా జొన్నలలో లైసిన్ అధికంగా గల రకాలను గుర్తించారు. కాని వాటి గింజ నిండుగా ఉండక సొట్టపడటం వ్యాప్తికి ఆటంకమైంది. పోషకవిలువ పెరిగినా గింజ నిండనిచో రైతు ఆ రకాన్ని స్వీకరించడు.

ముగింపు

ఆహారంలో వైవిధ్యం పెరిగినకొద్దీ జొన్న తినేవారిలో పెల్లాగ్రా అరుదైంది. నేడు అది ఎక్కువగా మద్యపాన వ్యసనపరులలోను, క్షయకు ఐసోనియాజిడ్ వాడే కొందరిలోను కనిపిస్తుంది. అయినను ఆ పరిశోధన చెప్పిన పాఠానికి కాలం చెల్లలేదు. జొన్నను తిరిగి ప్రధానాహారంగా ప్రోత్సహించేటపుడు మూడు అంశాలు గమనార్హం. మొదటిది, వంగడాల మూల్యాంకనంలో దిగుబడి, తెగుళ్ల నిరోధకతలతోపాటు లూసిన్ శాతాన్ని, లూసిన్–ఐసోలూసిన్ నిష్పత్తిని నమోదు చేయాలి. రెండవది, నత్రజని మోతాదు ప్రయోగాలలో మొత్తం మాంసకృత్తులతోపాటు అమైనో ఆమ్లాల కూర్పును కూడా పరీక్షించాలి. మూడవది, జొన్నతోపాటు కంది, పెసర, వేరుశనగ సాగును, వాడకాన్ని కలిపి ప్రోత్సహించాలి. జొన్నలో కందిని అంతరపంటగా వేసే దక్కను రైతుకు ఈ మూడవ అంశం కొత్తది కాదు. మొదటి రెండింటి బాధ్యత పరిశోధన క్షేత్రాలది.