మట్టిని ఆపి నీటిని విడుచు గుడ్డ

నీటిని నిలుపుటకై కట్టిన కట్టలో నీరు పోవుటకు దారి విడువవలెనన్నచో మన విద్యార్థులు వింతపడుదురేమో. మట్టికట్టను ఎంత దిమ్మిస కొట్టినను దానిలోనికి నీరు ఊరక మానదు. ఆ ఊట వెలుపలి వాలున తేటగా వచ్చుచున్నంతవరకు అంతగా భయము లేదు. బురదయై వచ్చినచో లోపలి మట్టి కొట్టుకొనిపోవుచున్నదని యెఱుంగవలెను. అమెరికాలో ఐడహో రాష్ట్రమునందలి టీటన్ ఆనకట్ట 1976 జూన్ 5వ తేదీన, మొదటిసారి నీరు నింపుచుండగనే, ఇట్టి లోపలి కోతవలన తెగిపోయెను. ఉదయమున బురద ఊటగా కనబడినది మధ్యాహ్నము కాకమునుపే గండి యయ్యెను. 11 మంది మృతినొందిరి.

దీనికి పూర్వమునుండి ఉన్న ఉపాయము ఇసుక, కంకర పొరలు. ఒక పొర సందులలోనుండి ప్రక్కపొర రేణువులు జాఱిపోకుండునట్లు వానిని ఏర్చి పఱచెదరు. తగిన ఇసుక దొరకని చోట ఇది మిక్కిలి వ్యయము. ఫ్రాన్సు దేశమున 1970లో కట్టిన వాల్‌క్రో అను 17 మీటర్ల యెత్తుగల మట్టికట్టలో, నీరు పోవు కంకర చుట్టును పాలియెస్టరు గుడ్డ చుట్టిరి. అది మగ్గముపై నేసినది కాదు. నారను సూదులతో గ్రుచ్చి కంబళివలె అదిమినది. ఇట్టి వస్త్రములకు ‘జియోటెక్స్‌టైల్’ అను పేరు 1977లో జిరూ అను ఇంజనీరు పెట్టెను.

గుడ్డయొక్క గుణమంతయు దాని రంధ్రములలో నున్నది. అవి పెద్దవైనచో మట్టి పోవును. మఱీ చిన్నవైనచో మూసికొనిపోయి వెనుక నీటి ఒత్తిడి పెరుగును. వడగట్టు గుడ్డ మడ్డితో పూడినపుడు పానకము దిగక నిలుచుట మన యిండ్లలో చూచినదే! సరియైన గుడ్డ ప్రతి రేణువును తానే పట్టుకొనదు. మొదట కొంత సన్నమట్టి పోవును. ముతక రేణువులు గుడ్డ కానుకొని నిలుచును, వాని వెనుక సన్ననివి నిలుచును. ఇట్లు మట్టియే తనకు తాను జల్లెడ యగును. ఈ సంగతియే మాకు మిక్కిలి రమ్యముగా తోచుచున్నది.

ఎండ తగిలిన ఈ నార చెడును గనుక గుడ్డను త్వరగా మట్టితో కప్పవలెను. జనపనార గుడ్డ నేలలో మురిగిపోవును. అయినను గట్టువాలున గడ్డి వేళ్లు పట్టువరకు మట్టిని కాపాడుటకు అది చాలును.

పెద్ద ఆనకట్టల గర్భమున మాత్రము పలువురు ఇంజనీర్లు నేటికిని ఇసుకనే నమ్ముచున్నారు. అచ్చట గుడ్డ పూడినను చినిగినను, కట్టను త్రవ్వక మార్చుటకు వీలు లేదు.