వర్తక సంఘం దేనికి? చిన్న దుకాణానికి ఒరిగేదేమిటి?

ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్ చుట్టుపక్కల "ఛాంబర్" అనగానే ఎవరికైనా మొదట ఫిలిం ఛాంబరే గుర్తుకు వస్తుంది. సుదర్శన్, దేవి, సంధ్య వంటి సినిమా హాళ్ళతో పేరుపడిన కూడలి కనుక అందులో వింత లేదు. అయితే ఆ కూడలిని ఆనుకొని ఉన్న గాంధీనగర్, చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడలలోని కిరాణా కొట్లకు, మిఠాయి దుకాణాలకు, అచ్చాఫీసులకు, పుస్తకాల షాపులకు పనికివచ్చే ఛాంబర్ వేరు. అది వాణిజ్య మండలి, అంటే ఛాంబర్ ఆఫ్ కామర్స్. దాని పేరు విననివారు తక్కువ. దానివల్ల తమకేమిటో చెప్పగలవారు మరీ తక్కువ. "అది మిల్లుల వాళ్ళ వ్యవహారం, మనకు చందా దండుగ" అని తేల్చివేసే చిన్న వర్తకులు ఎందరో ఉన్నారు. ఆ మాటలో నిజమెంతో లెక్క చూడడమే ఈ పాఠం ఉద్దేశం.

పుట్టుపూర్వోత్తరాలు

ప్రపంచంలో మొదటి వాణిజ్య మండలి 1599లో ఫ్రాన్సులోని మార్సేల్ రేవులో ఏర్పడింది. ఫ్రాన్సు, జర్మనీ దేశాలలో ఈ మండలులకు చట్టబద్ధమైన హోదా ఉంది. వాటి పరిధిలోని సంస్థలన్నీ సభ్యులు కావలసిందే. బ్రిటన్, అమెరికాలలో పద్ధతి వేరు. అక్కడ ఇష్టమున్నవారే చేరతారు. మన దేశానికి ఈ రెండవ పద్ధతే వచ్చింది.

బొంబాయి, మద్రాసు ఛాంబర్లు రెండూ 1836లో పుట్టినవే. అవి ఐరోపా కంపెనీల ప్రయోజనాలు చూసుకున్నవి. తెలుగు గడ్డమీద కాకినాడ రేవులో 1868లో ఏర్పడిన ఛాంబరూ ఆ కోవలోదే. అమెరికా అంతర్యుద్ధ కాలంలో (1861-65) ఇక్కడి ప్రత్తికి గిరాకీ పెరిగి కాకినాడ రేవు పుంజుకున్న రోజులవి. దేశీయ వర్తకులకు తమ గోడు చెప్పుకునే వేదిక వేరే కావలసి వచ్చింది. బొంబాయిలో 1907లో ఇండియన్ మర్చంట్స్ ఛాంబర్, మద్రాసులో 1909లో దక్షిణ భారత వాణిజ్య మండలి, 1928లో ఆంధ్రా ఛాంబర్ ఆఫ్ కామర్స్ ఆ అవసరం నుంచి పుట్టాయి. మహాత్మాగాంధీ సలహా మేరకు జి.డి. బిర్లా, పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ 1927లో అఖిల భారత సమాఖ్యను (ఫిక్కీ) నెలకొల్పారు.

హైదరాబాదులో ఈ చరిత్ర నిజాం కాలంలో, 1917లో మొదలైంది. ఆనాడు ఏర్పడిన మండలే తరువాత ఆంధ్రప్రదేశ్ వాణిజ్య పారిశ్రామిక మండలుల సమాఖ్యగా ఎదిగింది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిమ్మట అది తెలంగాణ వాణిజ్య పారిశ్రామిక మండలుల సమాఖ్య (ఎఫ్‌టిసిసిఐ) అయింది. దాని కార్యాలయం రెడ్‌హిల్స్‌లోని ఫెడరేషన్ హౌస్.

మెట్ల వరస ఎందుకు?

వ్యవస్థ మూడు మెట్లుగా ఉంటుంది. కింది మెట్టు వీధి లేదా సరుకు సంఘం. అంటే కిరాణా వర్తకుల సంఘం, బియ్యం వర్తకుల సంఘం, ముద్రాపకుల సంఘం వంటివి. నడిమి మెట్టు రాష్ట్ర సమాఖ్య. పై మెట్టు అఖిల భారత సమాఖ్యలు. ఈ వరస అలంకారానికి ఏర్పడినది కాదు. ఏ అధికారి చేతిలో ఏ నిర్ణయం ఉందో ఆ ఎత్తుకు చేరడానికి ఏర్పడినది.

పన్నుల విషయమే చూడవచ్చు. 1957 నాటి రాష్ట్ర అమ్మకం పన్ను చట్టం అమలులో ఉన్న కాలంలో రేటు మార్చే అధికారం రాష్ట్రానిదే. వర్తకులు సచివాలయానికి వెళ్ళి మహజరు ఇస్తే సరిపోయేది. 2005లో వ్యాట్ వచ్చినా దారి పెద్దగా మారలేదు. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చాక రేట్ల సంగతి జి.ఎస్.టి. కౌన్సిల్‌కు వెళ్ళింది. అందులో కేంద్రానికి మూడవ వంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతుల ఓటు బలం ఉంటుంది. నాలుగింట మూడు వంతుల మెజారిటీ లేనిదే నిర్ణయం జరగదు. అంటే ఒక రాష్ట్ర మంత్రికి చెప్పుకుంటే పని సగమే అవుతుంది. మిగతా రాష్ట్రాల వర్తకులూ తమ తమ మంత్రులకు అదే మాట చెప్పాలి. చిక్కడపల్లి దుకాణదారు ఒక్కడు ఆ పని చేయగలడా? సంఘాల గొలుసు లేకపోతే సాధ్యం కాదు.

ఒకటి నెగ్గింది, ఒకటి నెగ్గలేదు

వస్త్రాలపై 5 శాతం ఉన్న పన్నును 2022 జనవరి 1 నుంచి 12 శాతానికి పెంచాలని కౌన్సిల్ 2021 సెప్టెంబరులో నిర్ణయించింది. దేశమంతటా వస్త్ర వర్తకులు, చేనేత వర్గాలు, పలు రాష్ట్ర ప్రభుత్వాలు అభ్యంతరం తెలిపాయి. అమలుకు ఒక్కరోజు ముందు, డిసెంబరు 31న, కౌన్సిల్ ఆ పెంపును వాయిదా వేసింది. 2025 సెప్టెంబరు 22న రేట్లు సవరించినప్పుడు 2,500 రూపాయల వరకు ధర ఉన్న దుస్తులకు 5 శాతం పన్నే ఖరారైంది.

బియ్యం విషయంలో కథ వేరుగా నడిచింది. 2022 జూలై 18 నుంచి ముందుగా సంచి కట్టి చీటీ వేసిన బియ్యం, పిండి, పప్పులపై 5 శాతం పన్ను పడింది. అంతకు ముందు పన్ను బ్రాండు సరుకుకే ఉండేది. వర్తక సంఘాలు నిరసన తెలిపినా నిర్ణయం మారలేదు. అయితే 25 కిలోలకు మించిన బస్తాకు పన్ను లేదని నిబంధనలోనే ఉంది. ఆ తరువాతే బజారులో 26 కిలోల బియ్యం బస్తా కనిపించసాగింది. ఇంటి ఇల్లాలు "ఈ ఒక్క కిలో ఎందుకు ఎక్కువ?" అని అడిగితే దానికి జవాబు ఇదే. అయితే నెలకు అయిదు కిలోలు, పది కిలోలు కొనే చిన్న సంసారాలకు ఈ వెసులుబాటు అందదు. వారు కొనే చిన్న సంచీకి పన్ను ఉంటుంది. విడిగా తూచి ఇచ్చే సరుకుకు లేదు.

ఈ రెంటి నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. "మేము నష్టపోతున్నాము" అన్న కాగితం ఫైలులో అడుగున పడుతుంది. మంచి వినతిపత్రంలో అయిదు సంగతులు ఉండాలి: ఎన్ని దుకాణాలకు సంబంధించినది, ఏ నిబంధన, దానివల్ల క్వింటాలుకు ఎంత భారం, ఆ భారం ఎవరిమీద పడుతుంది, దాని బదులు ఏమి చేయవచ్చు. ఈ లెక్కలు చేర్చి పెట్టడమే ఛాంబర్ కార్యాలయం అసలు పని. ఆ లెక్కలు పుట్టేది కింది దుకాణాల ఖాతా పుస్తకాలలోనే. చిన్న వర్తకులు దూరంగా ఉంటే వారి లెక్క ఆ కాగితంలోకి ఎక్కదు.

బాకీ వసూలు: ఒక ఉదాహరణ

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల కోచింగ్ కేంద్రాలను నమ్ముకొని బతికే అచ్చాఫీసులు, జిరాక్సు కేంద్రాలు ఉన్నాయి. ఒక చిన్న అచ్చాఫీసు ఒక సంస్థకు 2 లక్షల రూపాయల విలువైన పుస్తకాలు అచ్చువేసి ఇచ్చిందని అనుకుందాం. సొమ్ము "రేపు, మాపు" అంటూ ఏడాది గడిచింది. కాగితం వర్తకుడు తన బాకీ కోసం గుమ్మంలో నిలబడ్డాడు. కూలీల జీతాలు ఆగవు. పెద్ద ఖాతాదారు పోతాడేమోనన్న భయంతో యజమాని గట్టిగా అడగలేడు.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ఈ స్థితికోసమే ఉంది. కొనుగోలుదారు సూక్ష్మ, చిన్న సంస్థలకు సొమ్ము చెల్లించడానికి వ్రాతపూర్వక ఒప్పందంలో 45 రోజులకు మించి గడువు పెట్టుకోరాదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ లెక్కన చెల్లించాలి. బ్యాంకు రేటు 6 శాతం అనుకుంటే వడ్డీ 18 శాతం. మన ఉదాహరణలో మొదటి నెల వడ్డీ 3,000 రూపాయలు. ఏడాదికి మొత్తం వడ్డీ సుమారు 39,100 రూపాయలు. బాకీ 2 లక్షల నుంచి 2 లక్షల 39 వేలు దాటుతుంది.

ఫిర్యాదును రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు పంపవచ్చు. ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. అక్కడ మొదట రాజీ ప్రయత్నం, కుదరకపోతే మధ్యవర్తి తీర్పు. ఆ తీర్పుపై కొనుగోలుదారు కోర్టుకు వెళ్ళాలంటే తీర్పు సొమ్ములో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. అందుచేత ఊరికే కాలయాపనకు అప్పీలు వేయడం సులభం కాదు.

ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరం. సంస్థకు ఉద్యమ్ నమోదు ఉండాలి. అది బాకీ పడ్డాక కాక, సరుకు ఇవ్వకముందే చేయించుకోవడం క్షేమం. రెండవది, ఈ రక్షణ సరుకు తయారు చేసేవారికి, సేవలు అందించేవారికి. కొని అమ్మే చిల్లర, టోకు వర్తకులను 2021 జూలైలో ఉద్యమ్ నమోదులోకి అనుమతించినా, అది బ్యాంకు రుణాల ప్రాధాన్యానికే పరిమితం. అచ్చాఫీసుకు ఉన్న హక్కు పక్కనున్న కిరాణా కొట్టుకు లేదు. ఇటువంటి తేడాలు ముందుగా చెప్పే మనిషి ఒకడు అందుబాటులో ఉండడమే సభ్యత్వానికి మొదటి ప్రతిఫలం. ఒక బాకీ లేఖ అచ్చాఫీసు పేరుమీద వెళ్ళడానికి, సంఘం ద్వారా వెళ్ళడానికి కూడా వ్యత్యాసం ఉంటుంది. సంఘం ద్వారా వెళ్ళినప్పుడు ఖాతాదారు కోపం ఒక్కడిమీద పడదు.

సరుకు తగాదాలు, పుట్టుక పత్రాలు

సరుకుల వ్యాపారంలో తగాదాలు ఎక్కువగా నాణ్యత మీద వస్తాయి. నమూనాలో ఉన్న రంగు మిరపబస్తాలో లేదనీ, పసుపులో తేమ ఎక్కువనీ, పప్పులో మట్టిగడ్డలున్నాయనీ పేచీలు పుడతాయి. కోర్టులో తీర్పు వచ్చేలోగా సరుకు పుచ్చిపోతుంది. సరుకు తెలిసిన పెద్దమనుషులు చూసి చెప్పే మధ్యవర్తిత్వం వర్తక సంఘాలకు పాత విద్య. దీనికి నేటి చట్టం 1996 నాటిది. బేరం చీటీలోనే మధ్యవర్తి ఎవరో వ్రాసుకుంటే సగం తగాదా తీరినట్లే.

ఎగుమతిదారులకు ఛాంబర్ చేసే మరొక పని, సరుకు ఏ దేశంలో పుట్టిందో తెలిపే ధ్రువపత్రం ఇవ్వడం. ఈ అధికారాన్ని ప్రభుత్వాలు వర్తక సంస్థలకు అప్పగించవచ్చునని 1923లోనే జెనీవా ఒడంబడిక అంగీకరించింది. నిజామాబాద్ పసుపు గానీ గుంటూరు మిరప గానీ విదేశీ రేవులో దిగినప్పుడు ఈ పత్రం అడుగుతారు. సుంకం రాయితీ లేని మామూలు పత్రాన్ని గుర్తింపు పొందిన ఛాంబర్లు ఇవ్వగలవు. 2022 మే 1 నుంచి అమలులో ఉన్న భారత్-యు.ఎ.ఇ. ఒప్పందం వంటివాటి కింద రాయితీ కావాలంటే మాత్రం పత్రం ప్రభుత్వం నియమించిన ఏజెన్సీల నుంచి రావాలి. ఈ తేడా తెలియక తప్పు పత్రంతో పంపితే రాయితీ చేజారుతుంది.

ఊరికి ఏమిటి లాభం?

బజారు బాగుంటే పేట బాగుంటుంది. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఎం.జి.బి.ఎస్. వరకు మెట్రో 2020 ఫిబ్రవరి 7న మొదలై నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్‌లలో స్టేషన్లు వచ్చాయి. ఇందిరాపార్కు నుంచి వి.ఎస్.టి. వరకు ఉక్కు వంతెన 2023 ఆగస్టు 19న ప్రారంభమైంది. ఇవి ఊరికి మేలు చేసే పనులే. కానీ ఇటువంటి పనులు సాగినన్నాళ్ళు దారి మూసిన దుకాణానికి గిరాకీ పడిపోతుంది. సరుకు బండి ఏ వేళ రావచ్చు, పాదచారులకు దారి ఎక్కడ వదలాలి, దుమ్ము ఎవరు ఎత్తాలి అన్న చిన్న సంగతులే అప్పుడు పెద్దవి. వీటిని అధికారులతో కూర్చొని తేల్చుకోవలసింది స్థానిక సంఘమే.

దుకాణదారుకు, తోపుడుబండి వానికి మధ్య జగడం పాతదే. 2014 నాటి వీధి వర్తకుల చట్టం ప్రకారం ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం స్థానాలు వీధి వర్తకులవి. అందులో మూడవ వంతు మహిళలకు. అదే కమిటీలో మార్కెట్ సంఘాలకు, వర్తక సంఘాలకు కూడా చోటుంది. ఫుట్‌పాత్ మీద వాదులాడుకునే బదులు ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఇద్దరికీ గౌరవం, నడిచే జనానికి దారి.

అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివే యువకులు అందరికీ సర్కారు కొలువు దొరకదు. జి.ఎస్.టి. రిటర్నులు, ఇ-వే బిల్లు, ఎగుమతి కాగితాలు తెలిసిన గుమాస్తాల అవసరం బజారుకు ఉంది. పక్కపక్కనే ఉన్న ఈ రెండు అవసరాలను కలిపే శిక్షణ తరగతులు సంఘాలు నడపదగినవి.

హద్దులు

సంఘం ఉంది కదా అని సభ్యులంతా కూడి ఒకే ధర కట్టడం చెల్లదు. 2002 నాటి పోటీ చట్టం ధరల కుమ్మక్కును నిషేధిస్తుంది. దీని నిబంధనలు 2009 మే 20 నుంచి అమలులో ఉన్నాయి, సంఘాలకూ వర్తిస్తాయి. సమావేశంలో పన్ను గురించి మాట్లాడవచ్చు. "రేపటి నుంచి కిలో ఇంతకు తగ్గకుండా అమ్ముదాం" అనరాదు.

చేరే ముందు వర్తకుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. సంఘం ఏటా లెక్కలు ఆడిట్ చేయించి సభ్యులకు ఇస్తున్నదా? ఎన్నికలు వేళకు జరుగుతున్నాయా? గత ఏడాది ఇచ్చిన వినతిపత్రాల ప్రతులు చూపగలదా? కార్యవర్గంలో చిన్న దుకాణదారులు ఉన్నారా? నాలుగింటికీ సరైన జవాబు వస్తే చందా దండుగ కాదు. రాకపోతే, లోపలికి వెళ్ళి అడిగితేనే వస్తుంది. సన్మానాలకు, దండలకు తెరచుకునే సంఘం తలుపు బాకీ కాగితం పట్టుకొచ్చిన అచ్చాఫీసు యజమానికి తెరచుకుంటున్నదా లేదా అన్నదే అసలు తూకం.