తొలి చుక్కల వెలుగు



రాత్రిపూట వాకిట్లో పడుకుంటే ఆకాశం నిండా చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలు ఎలా పుట్టాయి? వాటికీ మనకూ ఏం సంబంధం? ఈ పాఠంలో తెలుసుకుందాం.

పాత కబురు

దూరాన ఉన్న కొడుకు ఉత్తరం రాశాడు. అది వారానికి మనకు అందింది. అందులో ఉన్నది వారం కిందటి కబురే కదా! వెలుగు కూడా అంతే. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అయినా సూర్యుడి వెలుగు మనల్ని చేరడానికి 8 నిమిషాలు పడుతుంది. చుక్కల వెలుగు రావడానికి ఏళ్లకేళ్లు పడుతుంది. ఎంత దూరం చూస్తే అంత పాత కాలాన్ని చూస్తున్నామన్నమాట.

చుక్క పుట్టుక

మన సూర్యుడూ ఒక చుక్కే. ఆకాశంలో హైడ్రోజన్ అనే వాయువు మబ్బుల్లా ఉంటుంది. ఆ మబ్బు తన బరువుకు తానే లోపలికి కుంగుతుంది. నడుమ వేడి పెరుగుతుంది. వేడి సుమారు కోటి డిగ్రీలకు చేరాక హైడ్రోజన్ మరో వాయువుగా మారుతుంది. అప్పుడు చుక్క వెలుగుతుంది. కోట్ల కొద్దీ చుక్కలున్న గుంపును గెలాక్సీ అంటారు. మనం ఉన్న గెలాక్సీ పేరు పాలపుంత.

దూరపు గెలాక్సీ

2021 డిసెంబరు 25న జేమ్స్ వెబ్ అనే దూరదర్శినిని ఆకాశంలోకి పంపారు. దానితో చూసి, 2024లో శాస్త్రవేత్తలు ఒక గెలాక్సీ సంగతి చెప్పారు. దాని పేరు జేడ్స్-జీఎస్-జెడ్14-0. దాని వెలుగు మనల్ని చేరడానికి సుమారు 1,350 కోట్ల ఏళ్లు పట్టింది. విశ్వం వయసే సుమారు 1,380 కోట్ల ఏళ్లు! అంటే విశ్వం ఇంకా పసిబిడ్డగా ఉన్నప్పటి గెలాక్సీ అది.

అది పాలపుంత కంటే చాలా చిన్నది. అయినా ఎంతో వెలుగు. ఎందుకు? పాలపుంతలో ఏడాదికి ఒకటి రెండు సూర్యుళ్లంత వాయువు కొత్త చుక్కలవుతుంది. అక్కడ ఏడాదికి సుమారు 20 సూర్యుళ్లంత చుక్కలయ్యేది. అంత తొలినాళ్లలో అంత వెలుగు ఉంటుందని శాస్త్రవేత్తలు అనుకోలేదు. ఇప్పుడు పాత లెక్కలు మళ్లీ సరిచూస్తున్నారు.

మనకేం సంబంధం?

2025లో చిలీ దేశంలోని దూరదర్శినులతో ఆ గెలాక్సీలో ఆక్సిజన్ ఉందని కనిపెట్టారు. ఆక్సిజన్ అంటే మనం పీల్చే ప్రాణవాయువు. విశ్వం పుట్టినప్పుడు అది లేదు. చుక్కల కడుపులోనే తయారైంది.

పెద్ద మంట పెడితే కట్టెలు తొందరగా అయిపోతాయి. బాగా పెద్ద చుక్కలు కూడా అంతే. కొన్ని పదుల లక్షల ఏళ్లకే పేలిపోతాయి. లోపలి ఆక్సిజన్ చుట్టూ చిమ్ముతుంది. అంటే ఆ గెలాక్సీలో అప్పటికే చుక్కలు పుట్టి, బతికి, పోయాయి.

మన పాలపుంతలోనూ ఇలాగే జరిగింది. మనం తాగే నీళ్లలో ఆక్సిజన్ ఉంది. మన రక్తంలో ఇనుము ఉంది. ఇవన్నీ సూర్యుడి కంటే ముందు పుట్టిన చుక్కలు చేసినవే. పేదకైనా, గొప్పకైనా, ఆడకైనా, మగకైనా ఒంట్లో ఉన్నది ఆ చుక్కల సొత్తే.

చెప్పండి

1. సూర్యుడి వెలుగు మనల్ని చేరడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది?
2. చుక్క ఎలా పుడుతుంది?
3. ఆక్సిజన్ ఎక్కడ తయారైంది? మీ ఇంట్లో పిల్లలకు చెప్పండి.