ముందు బ్రేకు పట్టుకుంటే



మదనపల్లె మార్కెట్టుకు టమోటా బుట్ట పోవాలన్నా, పుంగనూరు వైపు పాల క్యాను పోవాలన్నా మోటారు సైకిలే దిక్కు. బండి సంగతి మొగవాళ్ళు చూసుకుంటారులే అనుకోవద్దు. వెనక కూర్చునేది మనమే. రిపేరు డబ్బు పోయేదీ మన ఇంట్లోంచే.

పాత బండ్లలో కొన్నిటికి ముందు చక్రం పక్కన ఇనుప పళ్ళెం ఉంటుంది. దాన్ని డిస్క్ అంటారు. 1999లో వచ్చిన హీరో హోండా సీబీజెడ్‌కు ఇలాంటిదే ఉంది. చేత్తో బ్రేకు నొక్కితే ఆయిలు పైపులో దిగి, పిస్టన్‌ను తోస్తుంది. రెండు ప్యాడ్లు డిస్కును అదిమి పట్టుకుంటాయి. వదిలితే పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు దాన్ని కొంచెం వెనక్కి లాగుతుంది. సాగదీసి వదిలిన రబ్బరు బ్యాండు మాదిరి అన్నమాట.

ఒక్కోసారి బ్రేకు వదిలినా ప్యాడ్లు వదలవు. బండి బరువుగా లాగుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. డిస్కు పెనం లాగా కాలుతుంది. చెయ్యి పెట్టొద్దు! చుక్క నీళ్ళు చల్లితే చుయ్‌మంటుంది. ఆ వేడికి బ్రేకు ఆయిలు మరిగిందంటే, తర్వాత ఎంత నొక్కినా బ్రేకు పడదు. హార్స్‌లీ కొండ దిగేటప్పుడు అలా అయితే ఏం గతి?

లోపం ఎక్కడుందో కనుక్కోవచ్చు. బండి చల్లారాక డబుల్ స్టాండు వేయండి. వెనక ఒకరు అదిమితే ముందు చక్రం లేస్తుంది. చేత్తో తిప్పండి. తిరగకపోతే, చక్రం దగ్గర ఆయిలు వదిలే చిన్న నిపుల్‌ను మెకానిక్కు చేత మన ముందే కొంచెం వదులు చేయించండి. ఆయిలు చిమ్మి చక్రం తిరిగిందా? అయితే ఆయిలు వెనక్కి పోవడం లేదు. పైన మాస్టర్ సిలిండర్‌లో సన్న రంధ్రం మూసుకుపోయి ఉండాలి. లేదా పైపు లోపల ఉబ్బి ఉండాలి. అయినా తిరగలేదా? అప్పుడు లోపం కిందే. పిస్టన్ తుప్పు పట్టింది, లేదా ప్యాడ్లు జరిగే పిన్నులు ఎండిపోయాయి. గుంటలు పడిన పిస్టన్‌ను ఉప్పుకాగితంతో రుద్ది మళ్ళీ వేస్తే ఒప్పుకోవద్దు. కొత్తది వేయించాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. కొందరు బ్రేకు డబ్బాలో ఇంజను ఆయిలు పోసేస్తారు. సీళ్ళు ఉబ్బి బ్రేకు అంతా పట్టేస్తుంది. కిరసనాయిలుతో, పెట్రోలుతో కడిగినా ఇదే గతి.

హ్యాండిల్ మీద ఆ డబ్బా మూత చూడండి. డాట్ 3 అనో, డాట్ 4 అనో ఇంగ్లీషులో ఉంటుంది. ఇంగ్లీషు రాకపోతే పోనీ, అంకె చదవడం మీకు వచ్చు కదా! కుప్పంలో కొన్నా, సరిహద్దు దాటి కోలారులో కొన్నా, సీసా మీద ఏ భాష ఉన్నా అంకె మారదు. మూత మీద 4 ఉంటే 4 సీసానే అడగండి. సీలు తీయని సీసా కావాలనండి. మూత తీసి ఉంచితే ఈ ఆయిలు గాలిలోని తేమ పీల్చుకుంటుంది, తొందరగా మరుగుతుంది. కంట్లో పడితే వెంటనే నీళ్ళతో బాగా కడిగి, డాక్టరుకు చూపించండి.

రిపేరు అయ్యాక బ్రేకు గట్టిపడే దాకా నొక్కి వదలమనండి. ఆ తర్వాతే ఎక్కండి.

అభ్యాసం: మీ ఊళ్ళో డిస్క్ బ్రేకు ఉన్న బండి దగ్గరికి పోయి, మూత మీది అంకె చూసి పుస్తకంలో రాసుకోండి.