వ్యాను త్రాగిన డీజిలు

హైదరాబాదు నగరమునకు పశ్చిమమున మాదాపూరు కలదు. ఒకప్పుడది బండరాళ్ల నడుమ నున్న చిన్న గ్రామము. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి అచ్చట సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. అది మొదలుకొని కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గముల వరకు అద్దాల మేడలు వరుసగా లేచినవి. ఆ మేడలలోని వారు కంప్యూటరుల ముందు కూర్చుండి దూరదేశముల పనులను సైతము చక్కబెట్టుచుందురు. కాని వారు త్రాగు నీరు, తిను కూరగాయలు, కూర్చుండు కుర్చీలు తీగల వెంట రావు గదా! వానిని పికప్ వ్యానులే మోసికొని రావలెను.

ఇట్టి వ్యానునొకదానిని ఊహించుకొనుడు. దాని వయస్సు పండ్రెండేండ్లు. అది డీజిలుతో నడుచును. ఇరువది లీటర్ల నీటి డబ్బాలను అరువదింటిని, అనగా ఇంచుమించు 1,200 కిలోల బరువును, ఒక్కసారి మోయును. యజమాని నీళ్ల వ్యాపారి. డ్రైవరు పాలమూరు ప్రాంతమునుండి బ్రదుకుతెరువునకై వచ్చిన యువకుడు. వ్యాను దినమునకు 84 కిలోమీటర్లు తిరుగును. మొదట లీటరునకు 14 కిలోమీటర్లు నడచెడిది. ఆ లెక్కన దినమునకు 6 లీటర్లు చాలును. ఇప్పుడో, లీటరునకు పదిన్నర కిలోమీటర్లకు మించి నడచుట లేదు. దినమునకు 8 లీటర్లు పోయవలసి వచ్చుచున్నది. నెలకు 26 పనిదినములైనచో అదనముగా పోయినది 52 లీటర్లు. 2022లో హైదరాబాదున డీజిలు ధర లీటరు 95 రూపాయలు దాటెను. ఆ ధరకు లెక్కించినచో నష్టము నెలకు దాదాపు ఐదువేల రూపాయలు.

ఐదువేలు ఎటు పోయినవి? యజమాని మనస్సున మొదట మెదలిన సమాధానము డ్రైవరే. "డబ్బాలు లెక్కకు సరిగా వచ్చుచున్నవి. డీజిలు ఒక్కటియే లెక్క తప్పుచున్నది" అని అతడు ఆ నెల జీతమున రెండువేలు తగ్గించెను. "అన్నా, నేను చుక్క డీజిలైనను ముట్టలేదు" అని యువకుడు మొరపెట్టుకొనెను. కాని ఆ మాటను నమ్మించుటకు అతనియొద్ద నోటిమాట తప్ప వేరొక ఆధారము లేకపోయెను.

ఇరువురును వ్యానును ఒక వృద్ధ మిస్త్రీ షెడ్డునకు కొనిపోయిరి. ఇంజనును మార్చవలెనని గాని, ఇంజెక్టరులు పాడైనవని గాని ఆయన చెప్పునని యజమాని యెదురుచూచుచుండెను. మిస్త్రీ బానెట్టునైనను తెరువక, "పుస్తకమేది?" అని యడిగెను. పుస్తకము లేదు. ఇంధనము చూపు ముల్లును చూచియే వారింతకాలము లెక్క కట్టుచుండిరి! ఆ ముల్లు ఉజ్జాయింపుగా చెప్పునే గాని కొలిచి చెప్పదు.

మిస్త్రీ చెప్పిన పద్ధతి సులభమైనది. ఒకే బంకులో, ఒకే చోట వ్యానును నిలిపి, ట్యాంకును మూతి దగ్గర గుర్తు వరకు నింపవలెను. అప్పుడు మీటరు చూపు కిలోమీటర్లను వ్రాసికొనవలెను. మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట మరల అదే గుర్తు వరకు నింపి, ఎన్ని లీటర్లు పట్టినవో చూడవలెను. తిరిగిన కిలోమీటర్లను ఆ లీటర్లచే భాగించిన నిజమైన మైలేజి తెలియును. మొదటివారము డ్రైవరు నడుపవలెను. రెండవవారము అదే బరువుతో, అదే దారిలో, అదే వేళలందు యజమానియే నడుపవలెను.

మొదటివారము లెక్క పదిన్నర. రెండవవారము, తాళపుచెవిని యజమాని తన జేబులోనుండి వదలకున్నను, పదిన్నరయే! ట్యాంకు క్రింద గాని గొట్టముల అతుకులవద్ద గాని తడి కనబడలేదు. "దొంగ వ్యానులోనే యున్నాడు, పట్టుకొందము" అని మిస్త్రీ నవ్వెను. యజమాని నవ్వలేదు.

డీజిలులోని శక్తియంతయు చక్రములకు చేరదు. ఇట్టి ఇంజనులో మూడవవంతో, అంతకు కొంచెమెక్కువో మాత్రమే పనిగా మారును. మిగిలినది పొగతోడను, రేడియేటరు వేడితోడను గాలిలో కలియును. చక్రములకు చేరు ఆ కొద్ది శక్తిని దారిలో ఎవరు తినుచున్నారో కనుగొనుటయే పరీక్ష. మిస్త్రీ ఒక నియమము పెట్టెను: ఒకసారికి ఒక్కదానినే సరిచేయవలెను, పిదప మరల కొలువవలెను. అన్నిటిని ఒక్కనాడే మార్చినచో ఏది దోషియో ఎన్నటికిని తెలియదు.

టైరులు చల్లగా నున్నప్పుడు గాలి చూడగా నాలుగింటను తక్కువగా నుండెను. గాలి తగ్గిన టైరు బరువు క్రింద అణగి, ప్రతి చుట్టునకును నలిగి వేడెక్కును. ఆ వేడికి వెల డీజిలే. గాలి నింపిన తరువాత లెక్క 11కు వచ్చెను.

పిమ్మట మిస్త్రీ వ్యానును కొంతదూరము నడిపించి, చదునైన చోట గేరు తీసి, మెల్లగా దొర్లనిచ్చెను. అది త్వరగా ఆగిపోయెను. ఆయన ప్రతి చక్రముకడకు పోయి అరచేతిని దగ్గరగా నుంచి చూచెను. వెనుక ఎడమచక్రపు డ్రమ్ము సెగలు గ్రక్కుచుండెను. జాకీతో ఎత్తి త్రిప్పగా మిగిలిన చక్రములవలె అది తిరుగలేదు. హ్యాండ్ బ్రేకు తీగ త్రుప్పుపట్టి, పిడిని దించినను వెనుకకు జారకుండెను; బ్రేకు షూ డ్రమ్మును విడువకుండెను. ఇంజను ముందుకు లాగుచుండ బ్రేకు వెనుకకు పట్టుచుండెనన్నమాట! ఇది మైలేజికే గాక ప్రాణమునకును ముప్పు. తీగ మార్చగా లెక్క 12.3 అయ్యెను.

పొగగొట్టమునుండి నల్లనిపొగ వచ్చుచున్నచో గాలి చాలుట లేదనియో, డీజిలు ఎక్కువగుచున్నదనియో తెలిసికొనవలెను. నీలిపొగ యింజను ఆయిలు కాలుటకు గుర్తు. ఈ వ్యానునుండి ఏ పొగయు రాలేదు. ఎయిర్ ఫిల్టరును దులిపి చూచిరి, మైలేజి మారలేదు. వేలకొలది రూపాయలు పోసి ఇంజెక్టరులు మార్చుట తప్పినది.

తరువాత దొరికినది విచిత్రమైన దోషము. ఒక వేసవిలో ఇంజను వేడెక్కగా, దారిప్రక్క నొక షెడ్డువాడు థర్మోస్టాటును పీకి పారవేసియుండెను. ఇంజను తగినంత వేడెక్కువరకు నీటిని రేడియేటరునకు పోనీయక ఆపు చిన్న కవాటమే థర్మోస్టాటు. అది లేనిచో ఇంజను త్వరగా వేడెక్కదు. తెల్లవారుజామున ఆగుచు పోవుచు నడచునప్పుడు చాలసేపు చల్లగానే యుండును. ఆయిలు చిక్కగా నుండి రాపిడి పెరుగును, డీజిలు ఎక్కువ ఖర్చగును. అసలు వేడెక్కుటకు కారణము పూడుకొనిన రేడియేటరు! దానిని కడిగించి, క్రొత్త థర్మోస్టాటు బిగింపగా లెక్క 13.2 అయ్యెను.

మిగిలిన కొద్దిపాటి లోటు వ్యానుది కాదు. రాయదుర్గము వరకు 2019లో మెట్రో రైలు వచ్చినను, దుర్గంచెరువుపై 2020లో తీగల వంతెన వెలసినను, ఉదయము కార్యాలయముల వేళ అచ్చటి కూడళ్లయందు వాహనములు బారులు తీరును. కదలకున్నను ఇంజను గంటకు దాదాపు అరలీటరు త్రాగును. డ్రైవరు ఒకవారము పాటు ఆగిన నిమిషములను కూడ వ్రాసెను: దినమునకు ఇంచుమించు 45. సిగ్నళ్లవద్ద సగము, మేడల ద్వారములయందు కావలివారి చీటికొరకు సగము.

మరునాటినుండి వ్యాను తెల్లవారక ముందే బయలుదేరెను. ద్వారములవద్ద ఇంజనును ఆపసాగిరి. నెలాఖరున యజమాని జీతముతోపాటు తాను పట్టుకొనిన రెండువేలను డ్రైవరు చేతిలో పెట్టెను. యువకుడు ఆ సొమ్ము నెంచుకొని, పుస్తకము తెరచి, నాటి కిలోమీటర్లను వ్రాసికొని, తాళపుచెవి త్రిప్పెను.